టైమింగ్ సెట్టింగ్‌కి ఇక బండి రోజంతా మా దగ్గర ఉండాలి

మా గ్యారేజీకి అంబాసిడర్లు, పద్మినిలు తెచ్చే అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి టైమింగ్ (సిలిండర్‌లో స్పార్క్ పడే సమయం) సెట్ చేసే పద్ధతి మారుస్తున్నాం. డిస్ట్రిబ్యూటర్‌ని (ఒక్కో సిలిండర్‌కి వంతులవారీగా స్పార్క్ పంపే భాగం) అటూ ఇటూ తిప్పి, ఇంజిన్ శబ్దం విని, అరగంటలో బిగించి పంపడం ఇక ఉండదు. దాన్ని బయటికి తీసి బెంచీ మీద పరీక్షించాకే మళ్లీ బండికి ఎక్కిస్తాం. కాబట్టి బండి ఒక రోజు వదలాలి. మజూరీ కూడా పెరుగుతుంది. ఎందుకో మీకు వివరంగా చెప్పాలి.

సిలిండర్‌లో మంట అంటుకుని ఒత్తిడి పెరగడానికి కొంత సమయం కావాలి. 800 ఆర్పీఎంలో ఒక మిల్లీసెకనుకి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) 5 డిగ్రీలు కూడా తిరగదు. 3000లో అదే మిల్లీసెకనులో 18 డిగ్రీలు తిరిగేస్తుంది. అంటే వేగం పెరిగేకొద్దీ స్పార్క్ ముందుగా పడాలి. ఆ పని డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్ల (తెరుచుకున్నప్పుడల్లా స్పార్క్ పుట్టించే జత కాంటాక్టులు) ప్లేటు కింద ఉండి, వేగం పెరిగేకొద్దీ బయటికి విచ్చుకునే రెండు చిన్న బరువులది, వాటిని పట్టి ఉంచే రెండు స్ప్రింగులది. ఐడిల్‌లో టైమింగ్ లైట్ (స్పార్క్ పడినప్పుడల్లా మెరిసే దీపం) వేసి పుల్లీ మీద గుర్తు కలిపితే తెలిసేది మొదటి అంకె ఒక్కటే. మీరు బండి నడిపే వేగంలో ఏం జరుగుతోందో అది చెప్పదు.

ఎక్కువ బండ్లలో తేడా కనిపిస్తున్నది ఈ స్ప్రింగుల దగ్గరే. లూకాస్ కంపెనీ డిస్ట్రిబ్యూటర్లలో చాలావాటికి ఒక స్ప్రింగు పల్చగా, రెండోది మందంగా ఉంటుంది. మందపు దాని కొక్కెం కావాలనే వదులుగా చేస్తారు, వేగం కొంత పెరిగాకే అది పట్టుకోవాలని. అది సాగిపోయిందనుకుని ఎవరో ఎప్పుడో రెండూ ఒకేలాంటి మందపువి, బిగుతుగా వేసేస్తారు. దాంతో స్పార్క్ ముందుకు జరగాల్సినంత జరగదు. పికప్ పడిపోతుంది, మైలేజీ తగ్గుతుంది, ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది. తప్పు టైమింగ్‌దైతే, పాపం ఓనరు రేడియేటర్ మార్పిస్తాడు!

రెండోది బుష్ (డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్‌ని పట్టి ఉంచే గొట్టం) అరుగుదల. నాలుగు సిలిండర్ల బండికి డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్కులు సరిగ్గా 90 డిగ్రీల దూరంలో పడాలి. షాఫ్ట్ ఊగుతుంటే పాయింట్ల గ్యాప్ ఒక్కో సిలిండర్‌కి ఒక్కోలా మారుతుంది. డిస్ట్రిబ్యూటర్ క్రాంక్‌లో సగం వేగంతోనే తిరుగుతుంది కాబట్టి అక్కడ ఒక డిగ్రీ తప్పితే ఇంజిన్ దగ్గర రెండు డిగ్రీలు. అలాంటి దానికి ఎన్ని కొత్త పాయింట్లు వేసినా డబ్బు దండగే. బెంచీ మీద మోటారుతో తిప్పినప్పుడు, డిగ్రీల చక్రం మీద ఈ తేడా కళ్లకు కనిపిస్తుంది. మీరు వస్తే మీకే చూపిస్తాం.

పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ కిట్ వేసేయమని చాలామంది అడుగుతున్నారు. వేస్తాం, మంచిదే. పాయింట్ల గొడవ పోతుంది. కానీ బరువులు, స్ప్రింగులు, వాక్యూమ్ డబ్బా (ఇంజిన్ పీల్పుతో స్పార్క్‌ని ముందుకు జరిపేది) పాతవే ఉంటాయి. అవి బాగుపడకుండా కిట్ ఒక్కటీ వేయమంటే మాత్రం ఒప్పుకోను.

వాక్యూమ్ డబ్బాని మీరే ఇంట్లో చూసుకోవచ్చు. ఇంజిన్ ఆపి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, కార్బ్యురేటర్ దగ్గర ఆ సన్న పైపు ఊడదీసి నోటితో పీల్చండి. లోపల ప్లేటు కదలాలి, పైపు కొనను నాలుకతో మూసినంతసేపూ అక్కడే నిలవాలి. వెనక్కి వచ్చేస్తే పైపు లీకవుతోంది, లేదా లోపలి పొర చిరిగింది. పైపు మార్చడం చవక, ముందు అదే చూడండి.

పాయింట్ల గ్యాప్ మార్చిన ప్రతిసారీ టైమింగ్ కూడా మారుతుంది. గ్యాప్ తగ్గితే స్పార్క్ ఆలస్యమవుతుంది. అందుకే ముందు గ్యాప్, తర్వాతే టైమింగ్. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది, పాత పుస్తకాల్లో అంకెలు అప్పటి పెట్రోల్‌కి రాసినవి. అందుకని పుస్తకం ప్రకారం పెట్టాక, ఎత్తు రోడ్డు మీద టాప్ గేర్‌లో లాగించి, నాకింగ్ (ఇంజిన్‌లో టకటక శబ్దం) వినిపిస్తుందేమో చూసి చివరి సర్దుబాటు చేస్తాం. ఆ టెస్ట్‌కి వీలైతే మీరూ బండిలో కూర్చోండి. బండి మామూలుగా ఎలా లాగేదో మీకే బాగా తెలుసు.

డిస్ట్రిబ్యూటర్ ఇంతకుముందే మార్పించి ఉంటే, పాతది పాత సామాన్లవాడికి వేయకండి. బండితో పాటు తీసుకురండి. అసలు స్ప్రింగులు అందులోనే దొరకొచ్చు.