తలనొప్పి బిళ్లలో ఏముందో అడగండి

సంపాదకులకు నమస్కారం.

మెడికల్ షాపుకు వెళ్లి "ఒంటి తలనొప్పికి ఏదన్నా బిళ్ల ఇవ్వండి" అంటే, అంటే మైగ్రేన్‌కు మందు అడిగితే, చాలాచోట్ల చేతిలో పెట్టేది ఎర్గోటమైన్, కెఫీన్, పారాసిటమాల్, వాంతులు ఆపే ప్రోక్లోర్‌పెరజైన్ కలిపిన మాత్ర. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని స్ట్రిప్పు మీదే ఉంటుంది. అయినా చీటీ అడిగేవాళ్లు తక్కువ, అడిగితే విసుక్కునేవాళ్లు ఎక్కువ.

ఇందులో జాగ్రత్త పడాల్సింది ఎర్గోటమైన్‌తో. అది రక్తనాళాలను బిగిస్తుంది. ఆ ప్రభావం తలకే పరిమితం కాదు, చేతివేళ్లు, కాలివేళ్ల దాకా ఉంటుంది. మామూలుగా కాలేయం దాన్ని విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది. గొంతు ఇన్‌ఫెక్షన్‌కు ఇచ్చే క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, తామరకు వారాల తరబడి మింగే ఇట్రాకొనజోల్ ఆ పనికి అడ్డుపడతాయి. అప్పుడు ఒకటి రెండు మాత్రలే ఒంట్లో పేరుకుని, వేళ్లు పాలిపోయి చల్లబడతాయి, తిమ్మిరెక్కుతాయి, నడిస్తే పిక్కలు పట్టేస్తాయి. ముదిరితే వేలు కుళ్లి తీసేయాల్సి రావచ్చు. తామర మందు వాడే మనిషి తలనొప్పికి వచ్చినప్పుడు ఆ సంగతి తనంతట తాను చెప్పడు, చర్మానికీ తలకూ సంబంధం ఏముందనుకుంటాడు. అడగాల్సింది అమ్మేవాళ్లే. గర్భిణులు ఎర్గోటమైన్ జోలికే పోకూడదు.

సుమాట్రిప్టాన్, రిజాట్రిప్టాన్ మైగ్రేన్ కోసమే తయారైన మందులు, బాగా పనిచేస్తాయి కూడా. అయితే ఎర్గోటమైన్ వేసుకున్నాక 24 గంటలు గడవకుండా ఇవి వేసుకోకూడదు, ఇవి వేసుకున్నాక అదీ అంతే. గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్లకు, బీపీ అదుపులో లేనివాళ్లకు ఇవి పనికిరావు. సుమాట్రిప్టాన్ 50 మి.గ్రా. మాత్ర నొప్పి మొదలవుతుండగానే వేసుకోవాలి. కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనిపించేవాళ్లు అవి కనబడగానే కాదు, నొప్పి మొదలయ్యాకే వేసుకోవాలి. తగ్గి మళ్లీ వస్తే 2 గంటల తర్వాత ఇంకొకటి వేసుకోవచ్చు. మొదటిదానికి అసలు తగ్గకపోతే అదే నొప్పికి రెండోది వేసుకోవద్దు. రోజుకు 200 మి.గ్రా. దాటకూడదు. మైగ్రేన్ రాకుండా ప్రొప్రనలాల్ వాడేవాళ్లకు రిజాట్రిప్టాన్ 10 మి.గ్రా. బదులు 5 మి.గ్రా. చాలు. ప్రొప్రనలాల్ దాని మోతాదును రక్తంలో పెంచేస్తుంది.

అందరికీ ఇంత దూరం రావాల్సిన పని లేదు. పారాసిటమాల్ 500 మి.గ్రా. మాత్ర ఒక్కటి వేసుకుని "పనిచేయలేదు" అనేవాళ్లే ఎక్కువ. పెద్దవాళ్లకు మైగ్రేన్‌కు 1000 మి.గ్రా. కావాలి. లేదా నాప్రోక్సెన్ 500 మి.గ్రా. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు నాప్రోక్సెన్ వేసుకోకూడదు. ఆలస్యం చేస్తే ఏదీ సరిగా పనిచేయదు. మైగ్రేన్‌లో కడుపు కదలిక మందగిస్తుంది, మింగిన మాత్ర అక్కడే ఉండిపోతుంది. అందుకే డాక్టర్లు వాంతుల మందు కలిపి రాస్తారు. అన్నట్టు, రాత్రిపూట వేసుకొమ్మని రాసిన ఫ్లునారిజైన్ నొప్పి రాకుండా ఉండటానికి. నొప్పి వచ్చాక మింగి లాభం లేదు.

ఇంకో చిక్కు, మందు వల్లే వచ్చే తలనొప్పి. ఎర్గోటమైన్, సుమాట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్ మందులు, కలగలుపు మాత్రలు నెలకు 10 రోజులు, ఉత్త నొప్పి మాత్రలు 15 రోజులు, అలా మూడు నెలలు దాటితే తలనొప్పి రోజువారీ అవుతుంది. మాత్రలు కాదు, మాత్ర వేసుకున్న రోజులు లెక్కపెట్టాలి. గోడ క్యాలెండర్‌లో పాల లెక్క రాసే గడిలోనే ఒక టిక్కు పెడితే చాలు. నెలలో ఎనిమిది దాటుతున్నాయంటే నొప్పి రాకుండా వాడే మందు గురించి డాక్టరును అడగాలి.

ఔషధ నియంత్రణ అధికారులు తనిఖీలకు వెళ్లినప్పుడు ఎర్గోటమైన్ మాత్రల బిల్లులను చీటీలతో సరిచూడాలి. కౌంటరులో ఉన్నవాళ్లు గర్భమా, గుండెజబ్బా, ఇంకేం మందులు వాడుతున్నారని అడగటానికి అర నిమిషం పట్టదు. ఉన్నట్టుండి భరించలేనంత నొప్పి, జ్వరంతో మెడ పట్టేయటం, మాట తడబడటం, చెయ్యో కాలో చచ్చుబడటం, యాభై దాటాక మొదటిసారి వచ్చిన తలనొప్పి, వీటిలో ఏ ఒక్కటి చెప్పినా బిళ్ల ఇవ్వకుండా ఆసుపత్రికి పంపాలి.

— ఒక ఫార్మసిస్టు, ఖమ్మం