నెల తప్పడం అన్న మాట

బుజ్జీ,

నిన్న రాత్రి ఫోన్లో "గర్భం రాకుండా వేసుకునే బిళ్లలు మానేసి యాభై రోజులైందమ్మా, ఇంకా నెలసరి రాలేదు" అన్నావు చూడు, అప్పుడు మీ నాన్న నా పక్కనే కూర్చుని వార్తలు చూస్తున్నారు. అందుకే "సర్లే, వేళకి తిను" అని పెట్టేశాను. ఇరవై రెండేళ్లుగా సబ్‌సెంటర్లో ఊరి ఆడవాళ్లందరికీ చెప్పే మాటలు కన్నకూతురికి చెప్పబోతే గొంతు పెగల్లేదు. కాగితానికి సిగ్గుండదు కదా, అందుకే రాస్తున్నాను.

మన ఇళ్లలో నెల తప్పిందంటే ఒక్కటే అర్థం. మీ అత్తగారు "విశేషమేమైనా ఉందా" అని అడిగారంటే ఆవిడ తప్పేం లేదు, ఆవిడకు తెలిసిన లెక్క అదే. బిళ్లలు మానేసిన మనిషికి ఆ లెక్క వెంటనే కుదరదు. రెండుసార్లు టెస్టు చేసుకున్నావు, లేదనే వచ్చింది. ఇంకో వారం ఆగి, పొద్దున్న లేవగానే మొదటి మూత్రంతో మళ్లీ చేసుకో.

ఈ రెండేళ్లూ నీకు 28 రోజులకోసారి గడియారం పెట్టినట్టు వచ్చిందే, అది అసలు నెలసరి కాదు. అండం విడుదలై, గర్భం నిలవకపోతే, గర్భసంచి లోపలి పొర ఊడి రావడం నెలసరి. బిళ్ల వేసుకున్నన్నాళ్లూ అండం విడుదల కాదు. పొర పల్చగానే ఉంటుంది. అందుకే నీకు రెండ్రోజుల్లో అయిపోయేది, ఆ మెలిపెట్టే నొప్పీ తగ్గింది. 21 బిళ్లలయ్యాక హార్మోను ఆగుతుంది కదా, ఆ పల్చటి పొర కాస్తా రాలిపోతుంది. మా సెంటర్లో మేమిచ్చే గర్భనిరోధక బిళ్లలు మాలా-ఎన్‌లో చివరి 7 బిళ్లలు ఉత్త ఐరన్. రోజూ వేసుకునే అలవాటు తప్పకుండా, ఒంట్లో రక్తమూ పట్టేలా పెట్టారు. నెలసరి వస్తోందనుకుంటూ మనం చూసేది ఆ ఐరన్ రోజుల్లోనే.

మీ పిన్ని గృహప్రవేశం గుర్తుందా? నువ్వు ఇంటర్ రెండో ఏడు. "నెలసరి వాయిదా వేసే బిళ్లలు" అని నీ చేతిలో పెట్టాను. పూజలైపోయాక మానేస్తే మూడో రోజున విపరీతంగా అయి, ఏదో అయిపోయిందని ఏడ్చావు. అక్కడా జరిగింది ఇదే, హార్మోను ఆగింది, పొర రాలింది. నేనా రోజు ఒక్క ముక్క ముందుగా చెప్పలేదు. ఊరికి నర్సమ్మనే, పీటల మీద కూతురు లేకపోతే చుట్టాలేమంటారోనన్న భయం మాత్రం నాకూ ఉండేది. ఆ బిళ్లలు గర్భం రాకుండా ఆపుతాయనుకునేవాళ్లు ఇప్పటికీ కనపడుతుంటారు. వాటిని నమ్ముకోకూడదు, అవి వాయిదాకే.

ఇప్పుడు మీ తమ్ముడి కథ. వాడికి మాత్రం చెప్పకు, అసలే వాడికి అలకెక్కువ.

నువ్వు పుట్టిన ఏడాదికి మాలా-డి అనే గర్భనిరోధక బిళ్లలు మొదలుపెట్టాను. అప్పటికింకా నాకు ఉద్యోగం లేదు. మొదటి రెండు మూడు నెలలూ మధ్యమధ్యలో మరకలు. కొత్తలో చాలామందికి అవుతుంది, బిళ్ల మర్చిపోయినా అవుతుంది. నాకా సంగతి తెలీదు. తర్వాత నెలనెలా అయ్యేది బాగా తగ్గిపోయింది. మీ నాయనమ్మ "చెడురక్తమంతా కడుపులోనే గడ్డ కడుతోందే" అని పట్టుకుంది. పొరే సరిగా తయారు కాకపోతే గడ్డ కట్టడానికి రక్తమెక్కడిది? అలా అడిగే తెలివి అప్పుడు లేక మానేశాను. మళ్లీ బహిష్టయ్యేదాకా భయం లేదులే అనుకున్నాను. ఆ నెల రాలేదు. పై నెలా రాలేదు. బిళ్లలు మానాక ఆలస్యం మామూలేనని పక్కింటావిడ ధైర్యం చెప్పింది. మూడో నెలకి వాంతులు! అండం ముందు విడుదలవుతుంది, నెలసరి వచ్చేది దాని తర్వాత రెండు వారాలకి. మానేసిన తర్వాత మొదటిసారి విడుదలైన అండానికే మీ తమ్ముడు. సెంటర్లో "మానేశాక నెలసరి కోసం ఎదురుచూడకండమ్మా, వద్దనుకుంటే ఆ రోజు నుంచే జాగ్రత్త పడండి" అని నేనంత గట్టిగా చెప్పేది అందుకే.

నీ విషయంలో ఇంకోటి ఉంది. హాస్టల్లో ఉన్నప్పుడు నీకు రెండు నెలలకోసారి, మూడు నెలలకోసారి వచ్చేది. మొటిమలు, గడ్డం కింద వెంట్రుకలు. స్కానింగ్‌లో పీసీఓడీ అన్నారు, అంటే హార్మోన్ల తేడా వల్ల అండం వేళకి విడుదల కాకపోవడం. బిళ్లలు దాన్ని నయం చెయ్యలేదు, పైన దుప్పటి కప్పాయంతే. ఇప్పుడు దుప్పటి తీశాం, పాత తీరు మళ్లీ బయటపడుతూ ఉండొచ్చు. బిళ్లలు వాడటం వల్ల గర్భసంచి పాడైందని ఎవరన్నా అంటే వినకు. మానేశాక చాలామందికి ఒకటి రెండు నెలల్లో, మహా అయితే మూడు నెలల్లో గాడిలో పడుతుంది. మూడు నెలలు దాటినా రాకపోతే ఎవరైనా చూపించుకోవాల్సిందే. నీ పాత కథ తెలుసు కాబట్టి నువ్వు అన్నాళ్లూ ఆగొద్దు, ఈ నెలలోనే వెళ్లు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు, స్కానింగ్ రాస్తారు. హాస్టల్ రోజుల సంగతి డాక్టరమ్మకి మొదటే చెప్పు, అడిగేదాకా ఆగకు. పిల్లల కోసమే మానేశావు కాబట్టి ఫోలిక్ ఆసిడ్ ఇప్పటినుంచే వేసుకో, రోజుకి 400 మైక్రోగ్రాములు.

గర్భం రాకుండా నువ్వు వాడింది బిళ్లలే, సూది కాదు, అదొక నయం. మా దగ్గర మూడు నెలలకోసారి అంతర అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ఇస్తాం. మొదట్లో ఎప్పుడు పడితే అప్పుడు రక్తం కనపడుతుంది, ఏడాది తిరిగేసరికి చాలామందికి పూర్తిగా ఆగిపోతుంది. మానేశాక గర్భం రావడానికి ఆఖరి సూది నుంచి సుమారు 7 నుంచి 10 నెలలు పడుతుంది. ఒకమ్మాయికి అలా ఆలస్యమైతే వాళ్లత్త తాయెత్తు కట్టించింది. పదో నెలలో నిలిచింది. పేరు మాత్రం తాయెత్తుకొచ్చింది, పోన్లే.

అల్లుడికి ఈ ఉత్తరం చదివి వినిపించినా నాకేం అభ్యంతరం లేదు. ఆస్పత్రికి తోడు రమ్మను. మీ అత్తగారితో ఏం చెప్పాలో నీ ఇష్టం. చెప్పలేకపోతే "మా అమ్మ ఫోన్ చేస్తానంది" అను, వదినగారితో నేను మాట్లాడతాను.

రిపోర్టులు రాగానే ఫొటో తీసి పంపు. మొన్నటిలా ఫ్యామిలీ గ్రూపులో పెట్టేవు, నా నంబరుకే పెట్టు.

మీ అమ్మ