చేనేత నేర్చుకోండి అన్నారు, ఎక్కడో చెప్పలేదు

సంపాదకులు గారికి నమస్కారం.

జాతీయ చేనేత దినోత్సవం రోజున మీ పత్రిక ఇచ్చిన ప్రత్యేక పేజీ చదివాను. ఆగస్టు 7కి, 1905 నాటి స్వదేశీ ఉద్యమానికి ఉన్న సంబంధం, 2015 నుంచి ఈ దినోత్సవం జరుగుతున్న సంగతి, గద్వాల, నారాయణపేట, పోచంపల్లి చీరల ఫోటోలు, అన్నీ బాగున్నాయి. చివర్లో 'యువత చేనేత నేర్చుకోవడానికి ముందుకు రావాలి' అని రాశారు. సరే, ముందుకు వచ్చినవాడు ఏ తలుపు కొట్టాలి? అది రాయలేదు. నేను యువకుడిని కాను. బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరై రామంతాపూర్‌లో ఉంటున్నాను. అయినా ఆ తలుపు కోసం చాలా తిరిగాను కాబట్టి ఈ నాలుగు మాటలు.

మా వీధి నుంచి హబ్సిగూడ దాకా నడిస్తే మగ్గం వర్క్ నేర్పే బోర్డులు ఎన్నో కనిపిస్తాయి. మా ఆవిడ అందులో ఒక చోట నేర్చుకుంది. చక్కగా నేర్పారు. ఇప్పుడు అపార్ట్‌మెంట్‌లో వాళ్ళ జాకెట్లకు పని చేసిపెట్టి కట్టిన ఫీజు రాబట్టుకుంది కూడా. క్రోషే అల్లికకైతే ఒక సూది, ఒక దారపుండ ఉంటే చాలు, ఫోన్‌లో చూసుకుంటూ ఒళ్ళో పెట్టుకుని నేర్చుకుంటున్న ఆడపిల్లలను మెట్రోలోనే చూస్తున్నాం. నేత అలా కాదు. దానికి చోటు కావాలి, సామాను కావాలి, అన్నిటికంటే పక్కన కూర్చునే మనిషి కావాలి.

నేను అడిగిన ప్రతిచోటా మొదటి ప్రశ్న ఒకటే. "మీరు పద్మశాలీలా?" కాదంటే, "మరి మీకెందుకండీ?" ఇందులో తప్పు పట్టడానికేం లేదు. తండ్రి నుంచి కొడుక్కి, అత్త నుంచి కోడలికి ఇంట్లోనే వచ్చిన విద్య ఇది. బయటివాడికి నేర్పాల్సిన అవసరం వాళ్ళకు ఎప్పుడూ పడలేదు. ఒక శిక్షణ కేంద్రంలో వయసు దాటిందన్నారు, ఇంకోచోట నేత కార్మికుడి కార్డు ఉందా అన్నారు. అవి ఉపాధి కోసం పెట్టినవి. నాలాంటి పెన్షనర్ ఒక సీటు ఆక్రమించడం న్యాయం కాదని ఒప్పుకుంటాను.

ఇక మిగిలింది వారాంతపు వర్క్‌షాపులు. ఐటీ కంపెనీలున్న వైపు ఒక చోట 'ఇక్కత్ నేర్చుకోండి' అంటే వెళ్ళాను. ఫీజు మా ఇంటి నెల కరెంటు బిల్లును దాటింది. తలా ఒక తెల్ల గుడ్డ ఇచ్చారు. అక్కడక్కడ ముడులేసి, రబ్బరు బ్యాండ్లు చుట్టి, బకెట్‌లో ముంచి తీయమన్నారు. తర్వాత ఫోటోలు, టీ. పిల్లలు సరదా పడ్డారు, దానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ అది ఇక్కత్ కాదు. నేసిన గుడ్డకు ముడులేసి రంగులో ముంచితే అది బాంధనీ కోవలోకి వస్తుంది. ఇక్కత్‌లో గుడ్డ ఇంకా పుట్టనే లేదు. విడి నూలు మీద, నేతకు ముందే ఎక్కడ ఏ రంగు రావాలో లెక్కగట్టి కట్లు కడతారు. మన దగ్గర దాన్నే చిటికి కట్టడం అంటారు. డబ్బు తీసుకుని నేర్పేవాళ్ళు ఈ ఒక్క తేడా అయినా చెప్పాలి కదా!

చివరికి ఎల్బీనగర్ దాకా వెళ్ళి పోచంపల్లి బస్సెక్కాను. నలభై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. 1951లో వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి భూదానంగా వంద ఎకరాలు ఇస్తానన్న ఊరు, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసిన ఊరు. అక్కడ ఒక పెద్దావిడ నేర్పడానికి ఒప్పుకుంది, కాకపోతే ముందు బాగా నవ్వింది. "మా పోరగాండ్లే వద్దని ఉప్పల్ల నౌకర్లకు పోయిండ్రు. గీ వయసుల నీకెందుకు సారూ?" అంది.

ఆవిడ నన్ను మగ్గం మీద కూర్చోనివ్వలేదు. ముందు ఒక చిక్కుపడ్డ చిలప, అంటే నూలు చుట్ట, చేతిలో పెట్టి విప్పమంది. తర్వాత రాట్నం దగ్గర కూర్చోబెట్టి కండెలు చుట్టించింది. కండె అంటే నూలు చుట్టిన చిన్న గొట్టం, నేసేటప్పుడు అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెడతారు. దాన్ని వదులుగా చుడితే నాడెలో నూలు చిక్కుకుంటుంది, మరీ బిగిస్తే తెగుతుంది. ఎంత బిగువు అని అడిగితే, "చేతికి తెల్వాలె సారూ, నోటితోని చెప్తే వస్తదా?" అని నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి చూపించింది. కొత్తవాళ్ళకు లావు నూలు, 20 కౌంటుది, మేలని కూడా ఆవిడే చెప్పింది. కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అది అంత కౌంటన్నమాట. చీరలకు వాడే 80, 100 కౌంట్ల నూలుతో మొదలుపెడితే విసుగొచ్చి వదిలేస్తారు. చత్వారం ఉన్నవాళ్ళు నల్ల నూలు జోలికి అసలు పోవద్దు. ఇది మాత్రం నా సొంత సలహా.

ఆ తర్వాత ఆసు, అంటే పేక నూలును (గుడ్డలో అడ్డంగా వచ్చే పోగులను) చిటికి కట్టడానికి ముందు వరసగా పోసుకునే చట్రం. ఒక కొసన ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరసగా మేకులు. ఈ మేకు నుంచి ఆ వరసకు, మళ్ళీ ఇక్కడికి, పక్క మేకుకు, ఇలా పేక నూలును పోస్తూ పోవాలి. ఒక చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిరుగుతుందని, నాలుగైదు గంటలు పడుతుందని అంటారు. ఈ పనితో తల్లి పడే భుజం నొప్పి చూడలేకే ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ఏళ్ళ తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం పనిచేస్తుంటే మెకానిక్‌గా నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. ఆడవాళ్ళ చెయ్యి ఎలా తిరుగుతుందో అంత శ్రద్ధగా చూసినవాడే దాన్ని చేయగలడు. బతుకుదెరువుకు నేసేవాళ్ళకు అదే ఉండాలి. నేర్చుకునేవాడు మాత్రం కొన్నాళ్ళు చేత్తోనే పోయాలి. ఏ పోగు ఎక్కడికి పోతోందో అప్పుడే తెలుస్తుంది. నేను ప్లైవుడ్ చెక్క మీద మేకులు కొట్టి ఇంట్లోనే చిన్న ఆసు చేసుకున్నాను.

చిటికి కట్టడానికి వాడేది సైకిల్ ట్యూబును సన్నగా కోసిన పట్టీలు. గ్రాఫ్ కాగితం మీది డిజైన్‌ను బట్టి నూలుకు గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట పట్టీ బిగించి కడతారు. రంగు వేశాక విప్పి, ఇంకోచోట కట్టి, ఇంకో రంగు. ముందు లేత రంగులు, తర్వాత ముదురువి. కట్టు వదులైతే రంగు లోపలికి పాకుతుంది. ఆఖరికి పేక నూలును కండెలకు ఎక్కించాక వాటి వరస తప్పిందా, డిజైన్ మొత్తం చెదిరిపోతుంది. రంగుల పని మాత్రం ఇంట్లో వంటగిన్నెల్లో మొదలుపెట్టకండి. అవి రసాయనాలు, తెలిసినవాళ్ళ దగ్గరే చేయాలి.

గుంట మగ్గం మీద కూర్చోవడం వీటన్నిటి తర్వాతే. క్లచ్చుకూ బ్రేకుకూ అలవాటైన కాళ్ళు కదా, తొక్కుడు చెక్కలు సులువుగానే పట్టుబడ్డాయి. అంచులు సమంగా రావడమే ఇంకా కుదరడం లేదు.

ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మగ్గానికి ముందు జరిగే పని. ఊళ్ళో ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికులుంటే వాళ్ళలో సుమారు 72 శాతం మహిళలు. కానీ సన్మానాల ఫోటోల్లో ఎక్కువగా కనిపించేది మగ్గం మీద కూర్చున్న మగాయనే. మీ ప్రత్యేక పేజీలోనూ అంతే. ఆసు పోసే చెయ్యి ఒక్కటైనా వేసి ఉండాల్సింది.

నేత కులం కానివాళ్ళకు, వయసు మళ్ళినవాళ్ళకు ఈ విద్య అబ్బదని అనేవాళ్ళకు ఈ నగరంలోనే జవాబుంది. 2021లో కన్నుమూసిన సురయ్యా హసన్ బోస్ దర్గా హుస్సేన్ షావలీ దగ్గర మగ్గాలు పెట్టి, భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్ళకు హిమ్రూ, మష్రూ అనే పట్టు, నూలు కలిపిన బట్టలు నేయడం నేర్పించారు. అంతకుముందు నేత ముఖమెరుగనివాళ్ళు నిజాం కాలపు హిమ్రూను జాలా మగ్గం మీద నేశారు. జాలా మగ్గమంటే తమాషా కాదు, పైన వందల తాళ్ళ అల్లిక ఉంటుంది. వాళ్ళకు రాగా లేనిది పోచంపల్లి చిటికి మనకు రాదా?

కాబట్టి నేను అడిగేది పెద్దదేం కాదు. నగరంలో కమ్యూనిటీ హాళ్ళు ఎన్నో ఉన్నాయి, పెళ్ళిళ్ళు లేని రోజుల్లో తాళం వేసే ఉంటాయి. అలాంటి ఒక హాల్లో ఒక ఆసు, రెండు రాట్నాలు, గుంట తవ్వక్కర్లేకుండా నేల మీద నిలిపే మగ్గం ఒకటి పెట్టండి. వారానికి రెండు సాయంత్రాలు నేర్పడానికి ఆసు పోసే ఆడవాళ్ళనే పిలవండి. పిలిచి శాలువా కప్పి పంపించేయడం కాదు, ఆ రోజు పోయిన కూలికి తగ్గకుండా డబ్బు, బస్సు చార్జీ ఇవ్వాలి. ఫీజు పెడితే మాలాంటివాళ్ళం కడతాం. పని దొరికే వయసున్న పిల్లలకు ఉచితంగా నేర్పితే ఇంకా మంచిది.

దీనివల్ల రేపే నగరం నిండా నేతగాళ్ళు తయారవుతారని నేననను. కొనేవాళ్ళ చూపు మాత్రం తప్పకుండా మారుతుంది. పోచంపల్లి డిజైన్‌ను మిల్లు బట్ట మీద ప్రింట్ కొట్టి అమ్ముతుంటే ఎగబడి కొంటున్నాం. కొన్ని రోజులు చిటికి కట్టినవాడు మోసపోడు. అసలైన ఇక్కత్‌లో రంగు అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి, గుడ్డ రెండు వైపులా డిజైన్ ఒకేలా కనిపిస్తుంది. ప్రింటుది గీత గీసినట్టు ఉండి, చాలావాటిలో వెనక వైపు వెలిసినట్టు ఉంటుంది. కొసన ఒక పోగు లాగి చూస్తే ఇంకా తేలిక. ఇక్కత్ పోగుకు చుట్టూ రంగు పట్టి ఉంటుంది. ప్రింటు పోగుకు తరచుగా ఒక పక్కే ఉంటుంది. మా ఆవిడ ఇప్పుడు ఏ షాపులో అయినా ముందు చీరను తిరగేస్తుంది. సేల్స్‌మన్లు ఇబ్బందిగా చూస్తారు, చూడనివ్వండి.

హాళ్ళ సంగతి ప్రభుత్వం చూడాలి. మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. వారానికి ఒకసారి సిటీ పేజీలో నాలుగంగుళాల చోటిచ్చి, నగరంలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ కొత్తవాళ్ళకు నేత, చిటికి, అద్దకం, అల్లిక ఎక్కడ నేర్పుతారో వేయండి. ఎవరు నేర్పుతారు, ఫీజెంత, వయసు నిబంధన ఉందా, నూలు వాళ్ళే ఇస్తారా, ఏ బస్సు వెళ్తుంది అనే వివరాలుంటే చాలు. రెండు గంటల్లో ఇక్కత్ నేర్పుతామనేవాళ్ళను ఆ జాబితాలో చేర్చకండి.

ఇట్లు,
ఒక విశ్రాంత మెకానిక్,
రామంతాపూర్, హైదరాబాద్.