ఫిర్యాదు: ఎంసీబీ మార్చారు సరే, గోడలో వైర్ల సంగతేంటి?

మేనేజర్ గారికి,

మీ సంస్థ ద్వారా అద్దెకు తీసుకున్న ఇంట్లో వంటగది, బాత్రూం లైన్ మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఫిర్యాదు పెట్టాను. మీ మనిషి వచ్చి, ఉన్న 16 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) తీసేసి 32 ఆంప్స్‌ది బిగించి, "ఇక పడదు సార్" అని వెళ్ళిపోయాడు. సాయంత్రానికల్లా ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ కూడా వచ్చింది. నిజమే, ఇప్పుడది పడట్లేదు. నా భయమంతా అదే.

వైరు మోయగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు పారితే, అది కాలిపోకముందే లైన్ తెంచడానికి ఎంసీబీ ఉంటుంది. అందుకే దాని సైజు గోడలో ఉన్న వైరును చూసి పెట్టాలి, అద్దెకున్నవాళ్ళ ఫోన్లు ఆగుతాయా లేదా అని చూసి కాదు. బోర్డు విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. లోపలున్నది 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, గీజర్‌కి కూడా అదే, అని మీ మనిషే చెప్పాడు, చెప్పి మరీ 32 పెట్టాడు! 16 ఆంప్స్ మోయడానికే కష్టపడే వైరులో 32 పారితే, కరెంటు రెట్టింపు అయినందుకు వేడి నాలుగు రెట్లవుతుంది. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకు తట్టుకునేలా చేస్తారు, అదీ కొత్తలో మాట. ఇక్కడ ఆయన వైరు కాస్త వంచగానే తొడుగు పొడిపొడిగా రాలింది, లోపల రాగి నల్లబడి కనిపించింది, దాని మీద నాలుగు చుట్లు టేపు చుట్టి మూత పెట్టేశాడు. జ్వరం తగ్గట్లేదని థర్మామీటర్ పగలగొట్టినట్టుంది ఈ రిపేరు.

కనిపించింది ఇది. గోడలో, పైపుల్లో, సీలింగ్ పైన ఎన్ని జాయింట్లు ఇలా ఉన్నాయో నాకూ తెలియదు, మీకూ తెలియదు. జాయింట్ వదులైతే అక్కడ మామూలు లోడుకే వేడి పుడుతుంది, ఒక్కోసారి లోపలే నిప్పురవ్వలు వస్తాయి, అలాంటివి మామూలు ఎంసీబీకి తెలియను కూడా తెలియవు, ఎందుకంటే లైన్ మొత్తంలో పారే కరెంటు పెద్దగా పెరగదు కదా. బాత్రూం బయటి స్విచ్‌బోర్డు దగ్గర కాలిన ప్లాస్టిక్ వాసన వస్తోందని మొదటి ఫిర్యాదులోనే రాశాను. దానికి మీ హెల్ప్‌డెస్క్ నుంచి వచ్చిన జవాబు, "వాడకం తగ్గించండి." ఒక గీజర్, ఒక ఫ్రిజ్, ఒక మిక్సీ. ఇందులో ఏది ఎక్కువైందో చెప్పండి.

ఎర్త్ విషయం ఇంకా దారుణం. వంటగదిలో మూడు రంధ్రాల ప్లగ్ ఉంది గానీ పై రంధ్రానికి ఎర్త్ వైరే రాలేదు. దానికి బదులు లోపల న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) నుంచి చిన్న వైరు ముక్క తెచ్చి ఎర్త్ పిన్నుకు తగిలించారు. ఎప్పుడు, ఎవరు చేశారో తెలియదు, మీరు ఇల్లు అప్పగించినప్పుడే అలా ఉంది. బయట నుంచి చూస్తే అంతా పద్ధతిగానే కనిపిస్తుంది. కానీ వెనక ఎక్కడైనా ఆ న్యూట్రల్ తెగిందా, ఫ్రిజ్ బాడీ మొత్తానికి ఫేజ్, అంటే కరెంటు తెచ్చే వైరులోని కరెంటు, వచ్చేస్తుంది. ఇప్పటికే ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోంది. ఈ మాట ఫోన్లో చెబితే మీ వాళ్ళు చెప్పులు వేసుకుని ముట్టుకోమన్నారు. ఇంటికొచ్చిన చుట్టాలకి కూడా అదే చెప్పాలా?

బాత్రూం లైట్ స్విచ్ ఫేజ్ మీద కాకుండా న్యూట్రల్ మీద ఉంది. స్విచ్ ఆపినా హోల్డర్‌లో టెస్టర్ వెలుగుతోంది. స్విచ్ ఆపేశాం కదా అనుకుని తడి చేత్తో బల్బు మార్చేవాళ్ళ గతేంటి?

"ఇల్లు చూసుకునే సంతకం పెట్టారు కదా" అని మీ ఈమెయిల్లో రాశారు. చూసుకున్నది గోడలూ కిటికీలూ కుళాయిలూ. గోడ లోపలి వైరు ఎవరికీ కనిపించదు, పైగా స్విచ్‌బోర్డుల అంచుల మీదుగా కూడా కొత్త రంగు వేసేశారు. బల్బు పోతే నేనే కొనుక్కుంటాను, దానికి మిమ్మల్ని అడగను. వైరింగ్ ఇంట్లో భాగం, దాని ఖర్చు నా మీదకు నెట్టడానికి లేదు.

నాకు కావలసింది చెబుతాను. ముందుగా ఆ 32 ఆంప్స్ ఎంసీబీ ఇవాళే తీసి 16ది పెట్టండి, గీజర్‌కి సరైన మందం వైరుతో వేరే లైన్ లాగేవరకు నేను గీజర్ వాడను, అన్నాళ్ళూ అద్దెలో ఎంత తగ్గిస్తారో రాతపూర్వకంగా చెప్పండి. రెండోది, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని మెగ్గర్‌తో (వైరు తొడుగు, అంటే ఇన్సులేషన్, ఎంత బాగుందో కొలిచే మీటరు) పంపండి, టెస్టర్ జేబులో పెట్టుకుని వచ్చే మనిషి వద్దు. మెయిన్ ఆపి, సామాన్లన్నీ తీసేసి, 500 వోల్టులతో ప్రతి లైన్ ఇన్సులేషన్ కొలవాలి. 1 మెగాఓమ్ కంటే తక్కువ వచ్చిన వైరు మార్చాలి, టేపు చుడితే ఒప్పుకోను. ప్రతి ప్లగ్‌కీ నిజంగా ఎర్త్ అందుతోందో లేదో కూడా కొలిచి, అంకెలతో సహా రిపోర్టు ఇవ్వాలి. "చెక్ చేశాం, ఓకే" అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు.

మెయిన్ దగ్గర 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు కాస్త లీకైనా లైన్ తెంచే స్విచ్) కూడా పెట్టండి. ఎంసీబీ ఉంది కదా అనకండి, అది కాపాడేది వైరుని, మనిషిని కాదు. మనిషి ఒంట్లోంచి 30 మిల్లీఆంప్స్ పారినా ప్రాణం మీదకు వస్తుంది, 16 ఆంప్స్ అంటే దానికి 500 రెట్లకు పైమాట, అంతవరకూ ఎంసీబీ ఊరుకునే ఉంటుంది. అయితే పాత వైర్ల లీకేజీ వల్ల ఆర్‌సీసీబీ కూడా మాటిమాటికీ పడొచ్చు. అప్పుడు మీ మనిషి వచ్చి దాన్ని బైపాస్ చేసి వెళ్ళకూడదు, ఇది ముందే చెబుతున్నాను. అది ఉన్నా ఎర్తింగ్ ఉండాల్సిందే.

విప్పిన బోర్డు, నల్లబడిన వైరు, ఎర్త్ పిన్నుకి తగిలించిన ముక్క, కొత్త ఎంసీబీ, అన్నిటి ఫోటోలూ జతచేశాను. ఈ వారంలో ఎలక్ట్రీషియన్ రాకపోతే ఇవే ఫోటోలతో విద్యుత్ భద్రత చూసే ప్రభుత్వ అధికారులకు, ఇంటి యజమానికి కూడా రాస్తాను. గోడ పగలగొట్టాల్సి వస్తే నాకు అభ్యంతరం లేదు, సామాన్లు జరిపి పెడతాను. ఏ రోజు, ఎన్నింటికి వస్తారో ఒక రోజు ముందు చెప్పండి చాలు.

ఇట్లు,
మీ అద్దెదారు