శీనుగాడికి, హాలో గొడవ గురించి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చేరింది. సగానికి సగం తిట్లే కదరా! డ్రైవరు తలని కాపాడే హాలో పెట్టాక ఫార్ములా వన్ కారు హవాయి చెప్పులా తయారైందనీ, డ్రైవరు మొహం కనపడి చావడం లేదనీ, అసలు ప్రమాదం అంటూ లేకపోతే అది రేసే కాదనీ రాశావు.

చెప్పు సంగతి ఒప్పుకుంటాను. 2018లో అది వచ్చినప్పుడు లోకమంతా అదే మాట అంది. 2023 ఫిబ్రవరిలో మన హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల రేసు ఫార్ములా ఈ పెట్టారు కదా, ఆ కార్లకీ అదే ఉంది. దగ్గర్నుంచి చూస్తే ఇంకా అనాకారి. డ్రైవరు కళ్ళ ముందు నిలువుగా ఓ కడ్డీ, దాని మీంచి తల చుట్టూ వచ్చే ఓ లావుపాటి కమ్మీ. టైటానియంతో చేస్తారు. తూస్తే ఏడు కిలోలకి అటూ ఇటూ ఉంటుంది గానీ, దాదాపు 12 టన్నుల భారం పడ్డా ఆగాలని రూలు.

నాకు నీతో పేచీ, ప్రమాదం లేకపోతే రేసే కాదన్న ఆ చివరి మాట దగ్గరే. ఎవరు దేనివల్ల పోయారో చూస్తే, వేగానికీ ధైర్యానికీ ఏమాత్రం సంబంధం లేని దరిద్రాలే నాకు ఎక్కువ కనిపిస్తాయి.

1966లో బెల్జియంలోని స్పా ట్రాక్ సంగతి తీసుకో. వాన. జాకీ స్టీవర్ట్ కారు రోడ్డు దిగి తుక్కయింది. స్టీరింగు కాళ్ళని నొక్కేసింది, ట్యాంకు పగిలి పెట్రోలులో నానుతూ పాతిక నిమిషాలు అందులోనే ఇరుక్కుపోయాడు. బయటికి తీసింది ఎవరనుకున్నావ్? తోటి డ్రైవర్లు గ్రాహమ్ హిల్, బాబ్ బాండ్యురాంట్. ఓ ప్రేక్షకుడి కారులోంచి స్పానర్ అడిగి తెచ్చి, స్టీరింగు విప్పి లాగారు. ఆ తరవాత అంబులెన్సు లియేజ్ ఆసుపత్రికి దారి తప్పింది! అప్పట్నుంచీ స్టీవర్ట్ కారులో ఓ స్పానర్ అంటించి పెట్టుకునేవాడు. సీటు బెల్టులు, సరైన కంచెలు, డాక్టర్లు కావాలని అడిగితే పిరికివాడన్నారు. మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయినవాణ్ణి!

1973 హాలండ్ సంగతి రాయాలంటే మాత్రం ఇప్పటికీ నాకు చెయ్యి ఆడదు. జాంద్‌వోర్ట్‌లో రోజర్ విలియమ్సన్ కారు తిరగబడి మంటలంటుకుంది. వాడికి పాతికేళ్ళు, రెండో గ్రాండ్ ప్రి. కారు కింద బతికే ఉన్నాడు. వెనక వస్తున్న డేవిడ్ పర్లీ తన కారు పక్కన పారేసి, ట్రాక్‌కి అడ్డంగా పరిగెత్తాడు. ఒక్కడే ఆ కారుని తిప్పబోయాడు. కదల్లేదు. ట్రాక్ కాపలా చూసే మార్షల్స్ పక్కనే నిలబడి ఉన్నారు, కానీ వాళ్ళ ఒంటిమీద మంటలకి ఆగే బట్టల్లేవు, దగ్గరికి రాలేకపోయారు. వాళ్ళ చేతిలో మంటలార్పే సిలిండరు ఒకటుంటే పర్లీయే లాక్కుని కొట్టాడు, అది కాస్తా అయిపోయింది. రండి రండి అని చేతులూపాడు. అటు రేసు నడుస్తూనే ఉంది! వెళ్తున్న డ్రైవర్లు ఆ కారు పర్లీదే, క్షేమంగా బయటపడ్డాడు అనుకుని సాగిపోయారు. ఫైరింజను వచ్చేసరికి దాదాపు ఎనిమిది నిమిషాలు. ఇదంతా టీవీలో ప్రత్యక్ష ప్రసారంలో వెళ్ళింది. వెతికితే దొరుకుతుంది గానీ, చూడమని నేను చెప్పను. పర్లీకి తరవాత బ్రిటన్ సాహస పతకం జార్జ్ మెడల్ ఇచ్చారు.

ఇప్పుడు చెప్పు, ఇందులో నువ్వనే థ్రిల్లు ఎక్కడుంది? నాలుగు మంచి సూట్లూ, పది సిలిండర్లూ ఉంటే ఆ కుర్రాడు బతికేవాడేమో.

డ్రైవరు కూర్చునే తెరిచిన కాక్‌పిట్‌కి ఇంకో శాపం ఉంది, తల బయట ఉండడం. 2009 జూలైలో ఇంగ్లండులోని బ్రాండ్స్ హాచ్‌లో హెన్రీ సర్టీస్ పోయాడు, పద్దెనిమిదేళ్ళు. వేరే కారు నుంచి ఊడొచ్చిన చక్రం నేరుగా హెల్మెట్ మీద పడింది. వాడి తప్పేం లేదు, తన దారిన తాను పోతున్నాడు. వాళ్ళ నాన్న జాన్ సర్టీస్ బైకుల్లోనూ కార్లలోనూ ప్రపంచ ఛాంపియన్ అయిన ఏకైక మనిషి. వారం తిరక్కుండానే హంగరీలో, ముందు వెళ్తున్న బారికెల్లో కారులోంచి ఊడిన స్ప్రింగు ఒకటి ఫెలిపె మాసా ఎడమ కంటి పైన తగిలింది. పుర్రె చిట్లింది, అయినా బతికి మళ్ళీ రేసుల్లోకొచ్చాడు. ఆ దెబ్బతోనే హెల్మెట్ అద్దం పైన జైలాన్ అనే గట్టి నార పట్టీ తప్పనిసరి చేశారు. 2015లో అమెరికాలో పొకోనోలో జస్టిన్ విల్సన్‌దీ ఇదే కథ. ముందు కారు గోడకి కొట్టుకుంటే దాని ముక్కు ఎగిరొచ్చి తలకి తగిలింది. మర్నాడు పోయాడు. 2020 నుంచి అక్కడి ఇండీకార్ రేసుల వాళ్ళు ఆ కమ్మీకి గట్టి అద్దం కూడా బిగించి ఏరోస్క్రీన్ అన్నారు. చూడ్డానికి నాకు అదే నచ్చుతుంది, నువ్వు తిట్టుకో.

జూల్ బియాంకి సంగతి నీకు తెలిసిందే. 2014, జపాన్‌లోని సుజుకా, వాన, ట్రాక్ పక్కన కారు తీస్తున్న క్రేన్ కిందికి వెళ్ళిపోయాడు, తరవాత ఆ దెబ్బతోనే పోయాడు. ఆ దెబ్బకి హాలో కూడా ఆగేది కాదని లెక్కలు కట్టారు. అక్కడ తప్పు ఒకటే, రేసు నడుస్తుంటే క్రేన్ అక్కడుండడం. మరుసటి ఏడు వర్చువల్ సేఫ్టీ కార్ తెచ్చారు, అందరూ ఒక్కసారే నెమ్మదించాలని. బాగుంది కదా? తీరా 2022లో అదే సుజుకాలో, అలాంటి వానలోనే, అందర్నీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కార్ తిరుగుతున్న టైములో డ్రైవరు గాస్లీ పక్కనే మళ్ళీ ట్రాక్ మీద క్రేన్! ఆ రోజు గాస్లీ అరిచిన అరుపులు న్యాయం.

ఇక ఫార్ములా వన్ డ్రైవరు గ్రోజాన్. 2020 నవంబర్ 29, బహ్రెయిన్, మొదటి ల్యాపు. తోటి డ్రైవరు క్వియాట్ కారుని తాకి, గంటకి 192 కిలోమీటర్ల వేగంతో ఇనుప రెయిలింగుకి గుచ్చుకున్నాడు. కారు రెండు ముక్కలు. ముందు ముక్క రెయిలింగుని చీల్చుకుని దూరింది, చుట్టూ మంటలు. ఆ రెయిలింగు పై పట్టీ తలకి తగలకుండా పైకెత్తింది హాలోయే. లేకపోతే మంటల దాకా వెళ్ళకుండానే ప్రాణం పోయేది. లోపల ఎడమ కాలు పెడల్స్ మధ్య ఇరుక్కుంది. బలంగా లాగితే కాలొచ్చింది, బూటు అక్కడే ఉండిపోయింది. దాదాపు 28 సెకన్లు మంటల్లో ఉన్నాడు. మొదటి ల్యాపులో అందరి వెనకాలే మెడికల్ కార్ వెళ్ళాలన్న రూలుంది కాబట్టి, డాక్టర్ ఇయాన్ రాబర్ట్స్ అప్పటికే మంటల అంచున ఉన్నాడు. గ్రోజాన్‌కి చేతులు కాలాయి, అంతే. మొదట్లో హాలో వద్దని గట్టిగా వాదించినవాళ్ళలో ఆయనా ఒకడు!

2022 సిల్వర్‌స్టోన్‌లో జో గ్వాన్యూ కారు తలకిందులై జారుతుంటే తల వెనక కాపుండే రోల్ హూప్ అనే చట్రం విరిగిపోయింది. ఇక ఆ నేలకీ వాడి తలకీ మధ్య మిగిలింది నువ్వు అసహ్యించుకునే కమ్మీ ఒక్కటే. మరుసటి వారం ఆస్ట్రియాలో రేసుకొచ్చాడు.

హాలో అన్నిటికీ మందు కాదులే. 2019లో స్పాలో ఆంత్వాన్ యుబేర్ పోయినప్పుడు కారుకి హాలో ఉంది. గోడకి కొట్టి వెనక్కొచ్చి ట్రాక్ మీద పడితే, వెనకొచ్చిన కారు పక్కనుంచి గుద్దింది. 2023లో అక్కడే వానలో డిలానో వాన్ ట్ హాఫ్, పద్దెనిమిదేళ్ళు. ముందు కార్లు లేపే నీటి తుంపర్లలో వెనకవాడికి ఏమీ కనపడదురా, అదీ అసలు చిక్కు. చక్రాలకి మడ్‌గార్డుల్లాంటివి కట్టి ఫార్ములా వన్‌లో ప్రయోగాలు చేశారు గానీ ఫలితం రాలేదు. అందుకని ఇకమీదట వానకి రేసు ఆపేశారని నాకు అర్ధరాత్రి ఫోన్ చేసి బండబూతులు తిట్టకు, నేను వాళ్ళ పక్షమే.

మీ చెల్లి పెళ్ళికి ముందురోజే వచ్చేస్తాను, పందిరి పనులకి ఓ చెయ్యి వేస్తాను. ఫెరారీ గురించి నువ్వు రాసిన పేజీకి జవాబు అప్పుడు నోటితోనే చెప్తా, కాగితం మీద పెట్టేది కాదు. పిన్నిగారికి నమస్కారాలు.

నీ
రవి