మండల రైతు సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది కౌలు కార్డుపై (కౌలుదారుకు పంట రుణం, బీమా వంటివి అందడానికి ఇచ్చే పత్రం) కుదిరిన సర్వసమ్మతి తీర్మానం. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలల కార్డుకు భూయజమాని సంతకం తప్పనిసరి. అడిగితే వచ్చే ఏడు పొలం వేరొకరికి పోతుందని కౌలుదారులు అడగనే అడగరు. ఆ సంతకం నిబంధన ఎత్తివేయాలని కోరడానికి మొదటి సమావేశంలోనే ఎక్కువమంది సిద్ధపడ్డారు. చేతులెత్తించి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది. అయితే భర్త పోయాక ఎకరం పొలం కౌలుకిచ్చి బతుకుతున్న ఒక సభ్యురాలు, పాలిథిన్ కవరులో చుట్టిన పట్టాదారు పాసుపుస్తకం ఒళ్లో పెట్టుకొని, "నా సంతకం లేకుండా కార్డిస్తే రేపు ఈ పొలం నాదని ఎవరు చెబుతారయ్యా?" అని అడిగేసరికి సభలో ఎవరూ మాట్లాడలేకపోయారు.

మన నియమావళిలో ఒక్కరి అభ్యంతరమున్నా తీర్మానం ఆగుతుంది. ఓటింగుకు పోదామని కొందరు యువకులు పట్టుబట్టినప్పుడు, పెద్దలొకరు గాంధేయ సర్వోదయ కార్యకర్తల సంస్థ అయిన సర్వ సేవా సంఘం సంగతి గుర్తుచేశారు. సర్వసమ్మతిని నియమంగా పెట్టుకున్న ఆ సంఘం 1974లో జయప్రకాశ్ నారాయణ్ బిహార్ ఉద్యమంపై ఏకాభిప్రాయానికి రాలేక సంక్షోభంలో పడింది. చివరకు ఎవరి మార్గంలో వారు పనిచేయవచ్చన్న భూదాన నాయకుడు వినోబా భావే సూచనతో అప్పటికి గండం గడిచింది. అంత దూరం పోకుండా మనం మరో రెండుసార్లు కూర్చున్నాం. సంతకానికి బదులు పక్క పొలాల రైతుల సాక్ష్యం తీసుకోవాలని, కార్డు వల్ల యాజమాన్య హక్కు రాదన్న చట్టంలోని మాటను రాతపూర్వకంగా యజమాని చేతికివ్వాలని కలిపి రాశాక ఆ సోదరే ముందుగా వేలిముద్ర వేసింది. మొదటి ముసాయిదాకన్నా ఇది బలమైన కోరిక అని నా నమ్మకం.

మూడు సమావేశాలకూ రాని కొందరు కార్యవర్గ సభ్యులు తరువాత ఫోనులో అభ్యంతరం చెప్పడం బాధ కలిగించింది. సర్వసమ్మతికి వచ్చి కూర్చోవడం అవసరం. వినతిపత్రం తీసుకున్న కార్యాలయం రశీదు కూడా ఇవ్వలేదు, మళ్లీ వెళుతున్నాం.

ఆడిట్ అయిన లెక్కలు అనుబంధంలో ఉన్నాయి. కల్యాణ మండపం ఉచితంగా ఇచ్చిన దాతకు, మూడు రాత్రులూ టీ కాచిన మహిళా సభ్యులకు, మినిట్సు తిరగరాసిన విద్యార్థులకు, చాపలు మోసిన పిల్లలకు కృతజ్ఞతలు. ఫోనులో వచ్చిన అభ్యంతరాలను ఈ సభలోనే వినిపించవలసిందిగా ఆయా సభ్యులను కోరుతున్నాను.

కార్యదర్శి