ఆకుకూరలకు చిల్లులు ఎందుకు వస్తున్నాయంటే

నమస్కారం. ఈ నెల మా చేను నుంచి మీ ఇళ్లకు పంపిన పాలకూర, తోటకూర ఆకులకు చిల్లులు ఎక్కువగా ఉన్నాయని మెహిదీపట్నం, అత్తాపూర్ వైపు నుంచి చాలామంది ఫోన్ చేశారు. నిజమే. పురుగుమందులు ఆపేశాం కాబట్టి ఇంకొన్నాళ్లు అలాగే వస్తాయి.

వేసవిలో ఒకరోజు చెప్పాపెట్టకుండా మొయినాబాద్ చేనుకు వెళ్తే, పంపు షెడ్డు వెనక ఖాళీ పురుగుమందు డబ్బా కనిపించింది. మందులు కొట్టొద్దని అదే షెడ్డు గోడ మీద రాయించింది నేనే. మేస్త్రిని నిలదీశాను. "చిల్లుపడ్డ కట్ట వాపసొస్తే మా కూలిలనే కోస్తిరి గద సార్, మరేం జేయాలె?" అన్నాడు. నాకు మాట రాలేదు. ఆ మడులన్నీ దున్నించేశాను. కానీ అంతకుముందు కోసిన కూర మీ ఇళ్లకు వచ్చే ఉంటుంది. అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు. క్షమించండి.

ఇప్పుడు కట్టల లెక్కన కూలి లేదు, రోజు కూలే. కూలిలో కోతలు లేవు. పొద్దున మొదటి గంట ఆకులు చూడటమే పని, దానికీ కూలి ఉంది. గట్ల వెంట ఆముదం వేశాం, ఆకులు తినే లద్దెపురుగు తల్లికి గుడ్లు పెట్టడానికి ఆముదం ఆకు అంటే ఇష్టం. పిల్లపురుగులు గుంపుగా ఆకు అడుగున గీకి తింటే ఆకు జల్లెడలా అవుతుంది. ఆ ఒక్క జల్లెడాకు తుంచి సబ్బునీళ్ల బకెట్‌లో వేస్తే వందల పురుగులు పోయినట్టే. మా దగ్గర అందరికన్నా పెద్దావిడ ఆకు తిప్పకుండానే, ఎండకు ఎదురుగా వంగి చూసి పట్టేస్తుంది. సోమ, గురువారాలు నేనూ ఆమె వెనకే నడుస్తున్నాను. నాకింకా సగం కనబడవు.

వేపగింజల కషాయం ఎప్పుడు కొట్టాలో కూడా ఆమే చెబుతుంది, మేస్త్రి కాదు, నేనూ కాదు. 5 కిలోల గింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, 100 లీటర్లు చేసి సాయంత్రం కొడతాం, ఎండకు దాని పవర్ తగ్గిపోతుంది కాబట్టి. మా చేను మీద కురిసిన వాన, నగరానికి తాగునీరిచ్చే గండిపేట, హిమాయత్‌సాగర్‌ల వైపే పోతుంది. ఆ మాట చెప్పింది కూడా ఆమే.

రోజుకు కట్టలు తగ్గాయి. అందుకే ఒకటో తారీఖు నుంచి కట్టకు 2 రూపాయలు పెంచుతున్నాను, అది కూలీకే పోతుంది. మరీ జల్లెడైపోయిన కట్ట వస్తే ఫొటో పంపండి, డబ్బులు వెనక్కి వేస్తాను. ఆ నష్టం ఇక నాదే.